కోడిసూపు వాసన

"ఆగు. నీ దగ్గర కోడిసూపు వాసన వస్తోంది."

చర్చిలో కొవ్వొత్తులు అమ్మే బల్ల వెనక నుంచి లేచి వచ్చిన పరస్కీవా, వరుసలో ఉన్న ఇలింకా దారికి అడ్డంగా నిలబడింది. సత్ప్రసాదం కోసం ఆడవాళ్ళ వరుస అప్పుడే కదలడం మొదలైంది. ప్రసాదానికి వెళ్ళేవాళ్ళందరిలాగే ఇలింకా రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుని ఉంది. వాటిని దించలేదు.

"నేనేం తినలేదు పిన్నీ."

"పవిత్ర గురువారం పూట, చర్చిలో నిలబడి అబద్ధం." పరస్కీవా వంగి, ఇలింకా తలకి కట్టుకున్న గుడ్డని వాసన చూసింది. "ఎముకలు ఉడికిన వాసన. మిరియాలు కూడా. ఏడు వారాలుగా ఉపవాసంలో చిక్కుడు గింజలు తప్ప ఎరగని ముక్కు ఇది. దీన్ని మోసం చెయ్యలేవు."

ఆ గుడ్డని ఇలింకా నిన్న ఉతికి, పొయ్యి మీది తీగకి ఆరేసింది. వాసన పట్టుకుంటుందని తోచలేదు.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మగవాళ్ళ వైపు నుంచి కూడా తలలు ఇటు తిరిగాయి.

"పొద్దున, ప్రసాదానికి ముందు అందరూ అడిగినట్టే, నా దగ్గరకొచ్చి క్షమించమని అడిగావు. దేవుడు క్షమిస్తాడులే అన్నాను. ఇది కడుపులో పెట్టుకునే అడిగావా?"

"నా కడుపులో ఏం లేదు పిన్నీ."

"మీ అమ్మ పట్నంలో ఉంది. ఇంట్లో ఉన్నది నువ్వొక్కదానివే. నువ్వు తినకపోతే ఎవరు తిన్నారు? పిల్లి తిందా? పిల్లికి మిరియాలేసి వండిపెట్టావా?"

ఈసారి చాలామంది నవ్వారు. ఇలింకా కిందికి చూసింది.

"సోమవారం నా చుక్కల పెట్టని నక్క ఎత్తుకుపోయింది," అంది పరస్కీవా, అందరికీ వినపడేలా. "ఈస్టరుకని మేపుకున్న పెట్ట. ఏడ్చానా? ఉపవాసం రోజుల్లో కోడి గురించి దిగులు పడటం కూడా పాపమేనని నోరు మూసుకున్నాను. మా అత్తగారిని చూడు."

వరుసలో అందరికన్నా ముందు సఫ్తా అవ్వ కర్ర మీద ఆనుకుని, ఇటు వీపు పెట్టి నిలబడి ఉంది.

"ఎనభై దాటాయి. పోయిన వారం మంచం పట్టింది. అయినా ఒక్క చుక్క పాలు పట్టనిచ్చానా? ఇవాళ తన కాళ్ళతో తనే నడిచొచ్చింది. అదీ ఉపవాసం బలం."

ఆడవాళ్ళు తలలూపారు. పక్కనున్నామె సఫ్తా అవ్వ శాలువా అంచుని ముద్దుపెట్టుకుంది. అవ్వ కదల్లేదు.

పాట ఆగిపోయింది. బలిపీఠం గది తలుపుల ముందు సత్ప్రసాదం పాత్ర పట్టుకుని నిలబడ్డ గ్రిగోరె ఫాదర్ ఆ చోటు వదిలి రాలేడు. అక్కణ్ణుంచే అడిగాడు. "ఏంటక్కడ?"

"ఉపవాసం చెడగొట్టి వరుసలో నిలబడింది ఫాదర్, ఈ పిల్ల."

"తిన్నావా, ఇలింకా?"

"లేదు ఫాదర్."

"వండావా?"

"వండాను."

చర్చంతా గుసగుసలు లేచాయి.

"ఎవరికి?"

"చెప్పలేను ఫాదర్. మాటిచ్చాను."

"ఇంకేం," అంది పరస్కీవా. "ఎవడో ఉన్నాడు. తల్లి ఊళ్ళో లేదు కదా. పవిత్ర వారంలో వాణ్ణి ఇంటికి పిలిచి కోళ్ళు వండిపెడుతోంది."

ఈస్టరు ముందు పాత్ర దాకా వచ్చి వెనక్కి పోయిన ఆడపిల్లని ఈ ఊరు ఏడాది పొడుగునా వేలెత్తి చూపిస్తుంది. ఇప్పుడు ఆ వేలికి ఒక మగాడి కథ కూడా దొరికింది. అమ్మ తిరిగొచ్చేసరికి అది వీధి చివరిదాకా పాకి ఉంటుంది.

"పేరు చెప్పమ్మా," అన్నాడు ఫాదర్, మెల్లిగానే. "చెప్పి ముందుకు రా. చెప్పలేకపోతే ఇవాళ్టికి పక్కన నిలబడు."

ఒక్క పేరు. నాలుక చివర దాకా వచ్చింది. ఇలింకా పళ్ళు బిగించింది. గుండెల మీది చేతులు దించి, వరుసలోంచి బయటికి వచ్చి, గుమ్మం వైపు నడిచింది. ఆడవాళ్ళు పావడాలు దగ్గరికి లాక్కుని దారిచ్చారు.

చెక్క నేల మీద కర్ర చప్పుడైంది.

"ఆగవే పిల్లా."

సఫ్తా అవ్వ వెనక్కి తిరిగింది. పాత్ర ఆవిడకి రెండడుగుల దూరంలో ఉంది. దాన్ని వదిలేసి, కర్ర ఊనుకుంటూ వరుస పొడుగునా వెనక్కి నడిచొచ్చింది. పరస్కీవా కంగారుగా ఎదురెళ్ళి చెయ్యి పట్టుకోబోయింది.

"మీరెందుకొచ్చారు అత్తయ్యా? మీ చోటులో మీరు నిలబడండి. దీని సంగతి మీకు తెలీదు."

"నాకు తెలుసు," అంది సఫ్తా అవ్వ. కోడలి చెయ్యి వదిలించుకుని ఇలింకా చెయ్యి పట్టుకుంది. "నీ చుక్కల పెట్టని పట్టుకెళ్ళి, కంచె మీంచి ఈ పిల్ల చేతికిచ్చి, సూపు వండించుకు తాగిన నక్క నేనే."