ఎమొడోరా

గాజు సీసా ముందు నిలబడి ఆ ముసలాయన నవ్వుతున్నాడు.

నవ్వితే నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వుతున్నాడు.

మ్యూజియం గైడుకు ఒళ్ళు మండింది.

సీసాలో ఉన్నది నిమ్మకాయంత ఆక్టోపస్. ఎనిమిది చేతులు, తలకు అటూ ఇటూ ఏనుగు చెవుల్లాంటివి రెండు. వెలుతురు చొరని సముద్రపు అడుగున బతికే జీవి. నలభై ఏళ్ళ కిందట ఒకే ఒక్కసారి వలకు చిక్కింది. చీటీ మీద పేరు, ఎమొడోరా.

ఆ పేరుకు అర్థం గైడుకు తెలియదు.

మధ్యాహ్నం పెద్ద మేడం వస్తోంది. అతని ఉద్యోగం పర్మినెంటు చేయాలా వద్దా అనేది ఆవిడ చేతిలో ఉంది. ఏ సీసా ముందు ఆగినా ఆవిడ అడిగేది ఒకటే, పేరుకు అర్థమేమిటని.

వారం రోజులుగా గైడు నిఘంటువులు నమిలేస్తున్నాడు. కూరెలా ఉందంటే కూర అనే మాట ఎక్కణ్ణుంచి పుట్టిందో చెబుతున్నాడని భార్య తల పట్టుకుంది.

“ఏంటయ్యా ఆ నవ్వు?” అన్నాడు గైడు.

“పేరు చూసి నవ్వొచ్చింది బాబూ. అది పేరు కాదు.”

“మరేంటి?”

“ఏమో దొరా.”

“తెలియనివాడివి నవ్వడం దేనికి?”

“అదేగా చెబుతున్నా. ఏమో దొరా.”

చదువుకున్నవాడికి కోపం ముందొస్తుంది, ఆలోచన తర్వాతొస్తుంది. వెటకారమనుకున్నాడు గైడు. చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించి, కదలబోతున్న బస్సెక్కించాడు.

ముసలాయన బస్సులో కూడా నవ్వుతూనే ఉన్నాడు.

మేడం వచ్చింది. సీసా ముందు ఆగింది. అడిగింది.

గ్రీకు మాటని, సముద్రగర్భం ఇచ్చిన కానుకని గైడు తడుముకోకుండా చెప్పాడు.

మేడం సంచీలోంచి పాత డైరీ నకలు తీసింది. ఈ జీవికి పేరు పెట్టిన శాస్త్రవేత్తది. పరాయి దేశస్థుడు, మన మాట ముక్క రాదు.

“వినండి. ‘దీన్నేమంటారని వల లాగిన కుర్రాణ్ణి సైగలతో అడిగాను. ఎమొడోరా అన్నాడు. రాసుకున్నాను.’ ఆయనకంటే తెలుగు రాదు. మీకేమైందండీ? మెల్లగా పలకండి.”

గైడు మెల్లగా పలికాడు. చెవులు వేడెక్కాయి.

మేడం కడుపుబ్బ నవ్వింది. ఆ వల లాగినాయన బతికే ఉన్నాడట. ఆచూకీ దొరకడం లేదట.

“వెతికి తీసుకురండి. ఆ రోజే మీ కాగితం మీద సంతకం పెడతాను.”

గైడు గేటు దాకా పరిగెత్తాడు. రోడ్డు ఖాళీగా ఉంది.

ఆ జీవిని సముద్రంలోంచి పైకి లాగిన ఒకే ఒక్క మనిషిని, ఊరూ పేరూ అడక్కుండా సాగనంపింది తనే.