పదకొండేళ్ల సాక్షి

"అయితే మేడం గారూ, నేను దొంగను కాదని అచ్చులో వచ్చిద్దా?"

బాలస్వామి ఆ మాట అడగడం ఆ పొద్దున మూడోసారి.

"వస్తుంది పెద్దయ్యా," రచయిత్రి మూడోసారీ ఓపిగ్గా చెప్పింది.

1993లో గుంటూరు మిర్చి వ్యాపారి రాజ్యం గారిని సొంత గోడౌన్ ముందే కారులోకి తోసి ఎత్తుకుపోయారు. కనిగిరి దగ్గర పాడుబడ్డ పొగాకు బ్యారన్ కొట్టంలో తొమ్మిది రోజులు కళ్లకు గంతలు కట్టి ఉంచారు. డబ్బు ముట్టాక వదిలేశారు. ఆమె ఎవరినీ చూడలేదు. పోలీసులకు మాత్రం ఎవరో ఒకరు కావాలి. గోడౌన్‌లో బస్తాలు మోసే బాలస్వామి దొరికాడు. ఏడేళ్లు జైలు.

చేసింది రాజ్యం గారి మరిది, అతని మనుషులు. పోయిన వేసవిలో మంచాన పడి, ఆఖరి ఘడియల్లో ఒప్పుకున్నాడు. మహానుభావుడు, ముప్పై ఏళ్లు ఆగాడు.

జైలు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ బాలస్వామి చర్చిలో చెప్పుల దగ్గరే కూర్చుంటాడు. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లలో చెయ్యి వేయడు. వద్దని ఎవరూ అనలేదు. అతను లేస్తే ముందు వరసలో తలలు వెనక్కి తిరుగుతాయి, అంతే.

అందుకే ఈ కేసు మీద పుస్తకం రాస్తానని రచయిత్రి రాగానే ఊరూ పేరూ అడక్కుండా కుర్చీ వేశాడు. ఆమె రావడం ఇది ఐదోసారి. అతని భార్య హెలెన్ ఇచ్చే టీ ఒక్కసారీ ఆమెకు గొంతు దిగలేదు. పుండు మీద కారం చల్లేవాళ్లకు టీ ఎలా దిగుతుంది?

ఈరోజు ఆరో అధ్యాయం చదివి వినిపించింది. కేసుకు సాక్షి ఒక్కరే. గోడౌన్‌లో మిరపకాయల తొడిమలు తీసే ఒక కూలీ మనిషి కూతురు. పదకొండేళ్ల పిల్ల. రాజ్యం గారిని కారులోకి తోసినవాడి ముఖానికి తువ్వాలు ఉంది, కళ్లే కనిపించాయి. పోలీసులు పదిమందికి తువ్వాళ్లు చుట్టి నిలబెడితే ఆ పిల్ల బాలస్వామిని చూపించింది.

"ఘాటుకి అందరం తువ్వాళ్లు చుట్టుకునేవాళ్లమేగా," అన్నాడు బాలస్వామి. "పసిది. రోజూ చూసే కళ్లు కనపడితే చూపిచ్చింది. దానికేం తెలుసమ్మా?"

"కోర్టుకొచ్చేసరికి ఆ పిల్లకి అనుమానం వచ్చింది పెద్దయ్యా. అయినా పోలీసులకు భయపడి అదే మాట చెప్పింది. అదీ రాశాను."

బాలస్వామి ఆమె చేతిలోని కాగితాల వైపు వేలు చూపించాడు.

"ఆ పిల్ల పేరు తీసెయ్యండి. ఈపాటికి మొగుడూ పిల్లలూ ఉంటారు దానికి. నా పేరు కడుక్కోడానికి దాని మొహాన మసి పూసి, ఆ చెయ్యి ప్రభువు బల్ల దగ్గర చాపమంటారా? ఏదో ఒక పేరు మార్చి పెట్టండి. లేదంటే ఈ బుక్కే వద్దు నాకు."

రచయిత్రి కాగితాలు ఒళ్లో పెట్టుకుంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"లోపలంతా మార్చగలను గానీ పెద్దయ్యా, అట్ట మీద రాసినవాళ్ల పేరూ అదే."