రెండో గొట్టం

పాత ఆయుధాలకు వెల కట్టడంలో ముసలాయన చేయి తిరిగినవాడు. చీకటి పడి కొట్టు కట్టేసే వేళ ఒకావిడ తన తాతగారి రెండు గొట్టాల జేబు పిస్తోలు తెచ్చింది. "ఆయన పోయాక దీన్నెవరూ పేల్చలేదండీ" అని చెప్పి, ఇచ్చి వెళ్ళిపోయింది.

రెండు గొట్టాల్లోనూ తూటాల్లేవు. అలవాటు చొప్పున ఆయన పుల్లకు తెల్లగుడ్డ చుట్టి లోపల తిప్పాడు. మసి అంటలేదు. ఆవిడ మాట నిజమే.

ఇంతలో మేడ మీది నుంచి భార్య కేకేసింది. "ఏమండీ, ఏంటా పేలుడు?"

ఆయనకు ఏ చప్పుడూ వినబడలేదు. ఒక్కో గొట్టానికి ఒక్కో కొత్త గుడ్డ చుట్టి మళ్ళీ తిప్పాడు. మొదటి గొట్టంలోంచి నల్లగా వచ్చింది. రెండో గొట్టంలోంచి తెల్లగానే వచ్చింది.

"నీకన్నీ కలలే! ఏం లేదు, పడుకో" అని గొంతు పెంచాడు.

పైనుంచి పలుకు లేదు.

ఆయన చేతిలో రెండో గొట్టం వెచ్చబడింది.