నీలిరంగు తొట్టి

“వీడి మనుషులే కదే మీ అన్నని చంపింది! బయటికి పొమ్మను,” అంది తల్లి.

అద్దకం తొట్ల వెనక నక్కిన కుర్రాడు లేచాడు. కూతురు అడ్డం నిలబడింది.

“అతనెవర్నీ చంపలేదమ్మా. అతను పోతే నేనూ పోతా.”

అతన్ని వెతుకుతూ సైనికులు పక్కింటి తలుపు బాదుతున్నారు. దేవుడు ఒక బిడ్డను తీసుకుపోయాడు. రెండో బిడ్డను కన్నతల్లి తనే పంపేయాలా?

తల్లి కుర్రాడి చేతులు పట్టుకుని మోచేతుల దాకా నీలిరంగులో ముంచింది.

“చేతులు శుభ్రంగా ఉంటే అద్దకంవాడివని ఎవడు నమ్ముతాడు?”

సైనికుడు లోపలికొచ్చాడు. “ఎవడు వీడు?”

“మా అల్లుడు బాబూ. పనింకా రాలేదు. గుడ్డకంటే ఒంటికే ఎక్కువ పులుముకుంటాడు.”

సైనికుడు నవ్వి వెళ్ళిపోయాడు. కుర్రాడు నీళ్ళకుండ వైపు నడిచాడు.

“కడుక్కోకు నాయనా,” అంది తల్లి, “వాళ్ళు మళ్ళీ వస్తారు.”