వీపు కండ

"వల తాడు లాగితే చెయ్యి పట్టు తప్పిపోతుండాది సార్," అంది మైపాడు చెంచులక్ష్మి.

క్యాన్సర్‌కు రొమ్ము తీసేసిన చోట ఇంప్లాంట్ పెట్టి, దానిపైన కప్పడానికి ఆర్నెల్ల కిందట ఆమె వీపు కండనే ముందుకు తిప్పాడు డాక్టరు.

"వల లాగుతావా? తెలిసుంటే వీపు జోలికే పోకుండా, బయట కొనే తయారు పొరతో కప్పేవాణ్ణి కదమ్మా!"

"నన్నెవురడిగినారు?"

"మీ ఆయన్ని అడిగాను. ఏ పనీ లేదు, ఇంట్లోనే ఉంటుందన్నాడు."

పెళ్లయిన ఇరవయ్యేళ్లూ మొగుడి పక్కన నిలబడి అదే తాడు లాగిన మనిషి. ఏ పనీ లేదట!

ఆమె బయటికొచ్చేసరికి మొగుడు పోలయ్య అప్పటికే ఆటోలో కూర్చున్నాడు.

"బిన్నా రా మే! వల లాగేదానికి ఒక మనిషి తక్కువైంది."