మడి నిండా తుంగ

"గిదేందే, మడి నిండ తుంగ మొలిపించినవ్?" భార్య వేస్తున్న బొమ్మ మీదికి వంగి అడిగాడు పరశురాములు. అడిగి, ఆమె ముఖం వంకే చూస్తూ నిలబడ్డాడు.

భాగ్యశ్రీ తలెత్తలేదు. కుంచెకు ఆకుపచ్చ రంగు అద్దుకుని ఇంకో కంకిని వంచింది.

పక్క బల్ల దగ్గర సరితకు ఒళ్లు మండింది. సూర్యాపేటలో ఓ డాబా మీది గదిలో, బొమ్మలతో మనసు కుదుటపడేలా చేసే తరగతి ఇది. ఆదివారాల్లో శ్రీవాణి నడుపుతుంది. విడాకుల తర్వాత నిద్ర పట్టక, కోదాడలో టీచరుగా ఉన్న సరిత ఇక్కడ చేరింది. మొదట్లో కాగితమంతా నలుపే పూసేది. ఈ మధ్యే ఓ మూల కాస్త పసుపు వస్తోంది. అంతలో ఈ మిర్యాలగూడ మనిషి గొంతు. అచ్చం తన మాజీ మొగుడి వెటకారమే.

"ఏమండీ, ఆవిణ్ని ప్రశాంతంగా వేసుకోనివ్వరా?"

"వేసుకోమనే అంటున్న మేడం. రంగులు పూస్తే బాధ పోతదట గదా. గట్లయితే గోడలకు సున్నాలేసేటోళ్లకు ఒక్క బాధ ఉండొద్దు."

"రైస్‌మిల్లులో చేశానంటారు. వరికీ తుంగ గడ్డికీ తేడా తెలీదా?"

"నాకు దెల్వకనే అడుగుతున్న. ఆమెనే జెప్పమనుండ్రి." మళ్లీ భార్య ముఖం వంక చూశాడు. "ఎవుసం జేసే చిలుకూరు కాపుదనపోళ్ల బిడ్డ. పెండ్లయిన కాన్నుంచి వడ్ల మీదనే మా కొట్లాట. మునుపైతే..."

మాట మధ్యలోనే వదిలేసి, మురికి పట్టిన రంగునీళ్ల డబ్బా తీసుకెళ్లి కడిగి, మంచినీళ్లు నింపి తెచ్చి ఆమె చేతికి అందేలా పెట్టాడు. నలుగురిలో పరువు తీసి నీళ్లు మోస్తే సరిపోతుందా అనుకుంది సరిత.

ఇక ఉండబట్టలేక శ్రీవాణి దగ్గరికి వెళ్లింది. "ఆయన్ని బయటికి పంపండి మేడం. లేదంటే నేను మానేస్తాను."

"ఆయన లేకుంటే ఆమె రాదు సరితగారూ."

"అంతగా భయపెట్టి పెట్టుకున్నాడన్నమాట. నేను చేరినప్పటి నుంచి చూస్తున్నా, ఒక్కసారైనా ఎదురు చెప్పిందా?"

శ్రీవాణి తల అడ్డంగా ఊపింది. "ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదని మన నియమం. మీ సంగతీ నేనెవరికీ చెప్పలేదు." లేచి పరశురాములు దగ్గరికి నడిచింది. "ఆమెను తొందరపెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ? ఆమెకేగాక అందరికీ ఇబ్బందిగా ఉంది. వచ్చే వారం నుంచి మీరు కిందనే కూర్చోండి."

"నేను కిందుంటే ఆమె గూడ కిందనే ఉంటది మేడం." అతని ముఖం వాడిపోయింది. "అయితే ఇగ ఖతమే."

చేతిసంచిలో టిఫిన్ డబ్బా సర్దాడు. భార్య ఎండకు కప్పుకునే తువాలు మడిచాడు. ఒక బొమ్మ మీద ప్రాణం పెట్టుకున్న మనిషికి ఆ బొమ్మనూ దూరం చేస్తున్నాడు, ఎంతకు తెగించాడో అనుకుంది సరిత.

అతను చివరిసారి కాగితం మీదికి వంగాడు.

"ఇయ్యాల్టితోని బందంట. నీ తుంగను ఇంటికి కొంచవోయి గోడకు తగిలిస్త. చిలుకూరోళ్లు పండించేది గిదేనని వచ్చినోళ్లందరికి జెప్త. జెప్పాల్నా వద్దా?"

చివరి మాట దగ్గర గొంతు వణికింది. నవ్వు ఆపుకుంటున్నాడనుకుంది సరిత.

కుంచె ఆగింది. భాగ్యశ్రీ తలెత్తి మొగుణ్ని చూసింది.

"నీ మొకం," అంది బొంగురుగా. "తుంగ గాదు. వరి."

"అలా గడ్డి పెట్టండి వదినా," అంది సరిత, గదంతా వినబడేలా.

పరశురాములు ఉన్నచోటే నేలమీద కూలబడి, మడిచిన తువాలులో ముఖం దాచుకున్నాడు. భుజాలు ఎగిరిపడుతున్నాయి.

"చూశారా మేడం? పెళ్లాం ఒక్క మాట అనేసరికి ఎలా అయిపోయాడో," అంది సరిత హేళనగా.

శ్రీవాణి చున్నీతో కళ్లు తుడుచుకుంటోంది.

కన్నబిడ్డ చనిపోయిన నాటి నుంచి భాగ్యశ్రీ నోట మాట రావడం అదే మొదటిసారి.