ఆఖరి ఇంటికి అందే ఊపిరి

వీధి మొదట్లోని నెట్ డబ్బాకి దూరమయ్యేకొద్దీ స్పీడు తగ్గుతుంది. వరాలమ్మది ఆఖరి ఇల్లు. ముందు ఇళ్ళవాళ్ళు వాడగా మిగిలిందే ఆమెకు. అత్తగారి ఊపిరి యంత్రమేమో ప్రతి శ్వాసకూ నెట్‌లో పట్నం ఆసుపత్రి అనుమతి అడగాలి. అందుకే వీధంతా నెట్ పొదుపుగా వాడుతుంది.

పక్కింట్లో కొత్తగా దిగుతున్న సుభాషిణి బొట్టు పెట్టి పిలిచింది. "రేపు పాలు పొంగించడం మా చుట్టాలంతా లైవ్‌లో చూస్తారు. తప్పకుండా రండి వదినా!"

శుభమా అని పిలవడానికొస్తే చావు మాట ఎలా ఎత్తడం?

"అలాగేనమ్మా" అంది వరాలమ్మ.

మర్నాడు అత్తగారి గుండెల మీద చెయ్యేసి కూర్చుంది. గోడ అవతల కేకలు: "పొంగాయి! పొంగాయి!"

యంత్రం తెర మీద "దయచేసి వేచి ఉండండి" అని పడింది.

చేతి కింద అత్తగారి ఛాతీ కూడా ఆగి, వేచి ఉంది.